చెబితే లోకువైపోతామా?

(ఆదివారం ఉదయం తెలుగు కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన సమయంలో ఆలుమగల మధ్య చనువు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఒకరి దగ్గర ఒకరు మనసు విప్పుకోవడం, ఒకరికొకరు దగ్గరగా మసలడం, రెండూ ఇందులోకే వస్తాయి. పడకగది సంగతి కూడా కాస్త వస్తుంది. వచ్చేముందు చెబుతాను లెండి, కారులో పిల్లలతో వెళ్తూ వింటున్నవాళ్ళు అప్పుడు కాసేపు పాటలు పెట్టుకోవచ్చు.

ముందు నా సంగతి. నేను డాక్టర్ని కాను, సైకాలజీ చదవలేదు. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చెయ్యడానికి వచ్చి, చదువయ్యాక కన్సల్టింగ్‌లో పడి, డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డవాణ్ణి. వయసు ముప్ఫై ఎనిమిది, పెళ్ళయి పదకొండేళ్ళు. నాకీ విషయం మీద మాట్లాడే అర్హత ఏదైనా ఉందంటే అది ఒక్కటే: నేనూ మా ఆవిడా ఎనిమిది నెలల పాటు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. ఆ మాట ఒకసారి బాడ్మింటన్ కోర్టులో నలుగురి మధ్య అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు, ఆట కొనసాగింది. కానీ ఆ తర్వాతి నెల రోజుల్లో అక్కడున్నవాళ్ళలో ముగ్గురు, వాళ్ళ ద్వారా తెలిసిన మరో ఇద్దరు, విడివిడిగా ఫోన్ చేశారు. అందరూ రాత్రి పదకొండు దాటాకే. అందరిదీ ఒకటే మొదలు: "ఎవరికీ చెప్పకు గానీ..."

ఈ ప్రసంగం ఆ ఫోన్లలోంచి పుట్టింది. ఎవరి వివరాలూ బయటపడకుండా ఊళ్ళూ ఉద్యోగాలూ మార్చి చెబుతాను. మా సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను. రాసిన కాగితాలు ముందు మా ఆవిడకిచ్చాను. ఆవిడ చదివి రెండు పేరాలు పెన్నుతో కొట్టేసింది. మిగిలింది మీకు వినిపిస్తున్నాను.

ఇంగ్లీషులో వల్నరబులిటీ అనే మాట ఈమధ్య బాగా వాడుతున్నారు. హ్యూస్టన్‌లో పాఠాలు చెప్పే బ్రెనే బ్రౌన్ అనే ఆవిడ 2010లో దాని మీద చేసిన ప్రసంగం కోట్లమంది చూశారు. ఆ మాటకి తెలుగు ఏమిటని నిఘంటువు తిరగేస్తే దుర్బలత్వం లాంటి మాటలు తగులుతాయి. అంటే బలం లేకపోవడం. చిక్కంతా అక్కడే ఉందనిపిస్తుంది నాకు. మన ఇళ్ళల్లో ఈ సందర్భంలో వినబడే అసలు మాట వేరే ఉంది. లోకువ. "చెబితే లోకువైపోతాం." ఈ మాట మా అమ్మమ్మ దగ్గర విన్నాను, మా మేనత్త దగ్గర విన్నాను, మొన్న రాత్రి పదకొండున్నరకి అట్లాంటా నుంచి ఫోన్ చేసిన ఒక ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గరా విన్నాను. లోకువైపోవడం అంటే ఎదుటివాళ్ళ కళ్ళల్లో మన విలువ ఒక మెట్టు దిగిపోవడం. ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కలేమని భయం.

ఉమ్మడి కుటుంబాల్లో ఈ భయానికి అర్థం ఉండేది. పదిమంది ఉన్న ఇంట్లో కొత్త కోడలు ఒక రహస్యం బయటపెడితే అది సాయంత్రానికి పెరడు దాటేది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ ఇక్కడ మనమున్నది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో, ఇద్దరం. పెరడూ లేదు, పదిమందీ లేరు. భయం మాత్రం సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు వచ్చేసింది.

ఇంకో తమాషా చెప్పాలి. మన భాషలో ఈ దగ్గరితనానికి మాటలు లేక కాదు. చనువు ఉంది, గారం ఉంది, మారాం ఉంది, బుజ్జగింపు ఉంది. అన్నిటికన్నా గొప్పది, అలక. అలకకి సరైన ఇంగ్లీషు మాట ఏదీ నాకింతవరకు దొరకలేదు. కౌన్సెలర్‌కి చెప్పడానికి అవస్థ పడ్డాం కూడా. అది కోపం కాదు, మూతి ముడుచుకోవడమూ కాదు. "నాకు కష్టం కలిగింది, నువ్వు వచ్చి అడగాలి" అని నోటితో అనకుండా అనడం. పదహారో శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణం రాస్తే అందులో అందరికీ గుర్తుండిపోయింది సత్యభామ అలకే. బుజ్జగించడానికి వచ్చిన కృష్ణుడు తల వంచితే ఆవిడ కాలితో తన్నింది. ఆయనేమీ లోకువైపోలేదు, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా దేవుడిగానే ఉన్నాడు. మన పెళ్ళిళ్ళలో అలకపాన్పు అని ఒక వేడుకే ఉంది. అల్లుడుగారు అలిగి మంచమెక్కితే అత్తింటివాళ్ళు బతిమాలి ఏదో ఒకటి ఇచ్చి దింపాలి. అంటే అలిగే హక్కు మగవాడికీ ఉందని పెద్దలే ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజుకే అనుకోండి.

అలక పనిచెయ్యాలంటే అడిగేవాళ్ళు ఉండాలి. ఆ ఇళ్ళల్లో అలిగినవాళ్ళు ఒకరైతే, గమనించేవాళ్ళు నలుగురు. "ఏమిటి, అమ్మాయి పొద్దుట్నించీ కాఫీ తాగలేదు?" అని పెద్దమ్మ అడిగేది. ఆ మాట మగాళ్ళ అరుగు మీదికి చేరేది. ఇక్కడ అలిగేదీ మనమిద్దరిలో ఒకరే, గమనించాల్సిందీ రెండోవారే. ఆ రెండోవారికి రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫ్‌షోర్ కాల్ ఉంటుంది. ఇండియాలో అప్పటికి తెల్లవారి ఎనిమిది. వాళ్ళు తాజాగా ఉంటారు, మనం వాడిపోయి ఉంటాం. కాల్ అయ్యేసరికి అలిగినావిడ నిద్రపోయి ఉంటుంది, లేదా నిద్రపోయినట్టు ఉంటుంది. అలా నాలుగు రాత్రులు గడిస్తే అలక కాస్తా మౌనం అయిపోతుంది. అలకలో తలుపు ఓరగా తీసి ఉంటుంది. మౌనంలో గడియ పడిపోతుంది.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్మన్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి కొత్త దంపతుల్ని పరిశీలించాడు. గెస్ట్‌హౌస్ లాంటి ఒక అపార్ట్‌మెంట్‌లో వాళ్ళని ఉండమని, మాటల్నీ చూపుల్నీ వీడియో తీసి లెక్కగట్టాడు. రోజులో మనం ఎదుటివాళ్ళ ధ్యాస కోసం చిన్న చిన్న ప్రయత్నాలు చేస్తుంటాం. "ఆ పిట్టని చూశావా?" అనడం లాంటివి. ఆ ప్రయత్నానికి రెండోవారు తల తిప్పి స్పందించారా లేదా అని చూశాడు. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వాకబు చేస్తే, కలిసి ఉన్న దంపతులు అప్పట్లో వందకి 86 సార్లు స్పందించినవాళ్ళు. విడిపోయినవాళ్ళలో ఆ లెక్క 33. నాకు డేటాతో పని కాబట్టి ఈ అంకెలు పట్టుకున్నాయి. ఒక పరిశోధకుడి లెక్కే కదా, అన్ని దేశాలకీ అంతే అనలేం. కానీ ఈ లెక్క విన్నాక మా ఇంట్లో మాటలు నాకు వేరేగా వినబడటం మొదలయింది. "సాయంత్రం కూరలోకి ఏం చెయ్యమంటావ్?" అన్నది ఎప్పుడూ కూర గురించే కాదు. "మా తమ్ముడు ఫోటో పెట్టాడు, చూశావా?" అన్నది ఫోటో గురించే కాదు. "ఏదో ఒకటి చెయ్యి" అన్నామంటే, అవతలి మనిషి తట్టిన తలుపు మనం తియ్యలేదన్నమాట.

ఇక మగవాళ్ళ సంగతికి వస్తాను. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని ఒక సామెత ఉంది మనకి. ఒకే వాక్యంలో ఇద్దరికీ అన్యాయం చేసిన సామెత ఇదొక్కటే అనుకుంటాను. నాకు ఫోన్ చేసిన ఐదుగురిలో నలుగురు తమ భార్య ముందు ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదని చెప్పారు. కొంచెం గర్వంగానే చెప్పారు.

వాళ్ళలో ఒకరి కథ. 2020లో, కరోనా మొదలైన కొత్తలో, ప్రాజెక్ట్ ఆగిపోయింది. కన్సల్టింగ్ కంపెనీ ఉద్యోగం తీసేసింది. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులకి మించకుండా గడువు దొరికే నిబంధన 2017 జనవరిలో వచ్చింది. ఆలోగా ఇంకో ఉద్యోగమో, వేరే హోదాయో చూసుకోవాలి. ఇది మనలో చాలామందికి కంఠతా వచ్చిన నిబంధన. ఆయన ఇంట్లో చెప్పలేదు. లైబ్రరీలు కూడా మూసేసిన రోజులవి, ఆఫీసులో ముఖ్యమైన సర్వర్ పని ఉందని చెప్పి రోజూ పొద్దున్నే బయల్దేరి, ఒక పార్కు దగ్గర కారాపుకుని అందులోనే కూర్చుని అప్లికేషన్లు పెట్టుకునేవాడు. పంతొమ్మిది రోజులు. ఒకరోజు ఆవిడ పిల్లాడి మందుల కోసం ఫార్మసీకి వెళ్తే ఇన్సూరెన్స్ పనిచెయ్యడం లేదన్నారు. అలా తెలిసింది.

ఉద్యోగం తర్వాత దొరికింది. ఆ కథ అక్కడికి సుఖాంతమే. కానీ నాలుగేళ్ళ తర్వాత కూడా ఆయన బాధ ఏమిటంటే, ఆవిడ ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదట. "పంతొమ్మిది రోజులు నీకు బాక్సు కట్టాను" అందట. ఇప్పటికీ అదే అంటుందట. ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. "భయపడుతుందనే కదా చెప్పలేదు, ఇందులో తప్పేముంది?" అని నన్నడిగాడు. తన భయాన్ని ఆవిడకి చూపించకపోవడం ఆయన దృష్టిలో కాపాడటం. ఆవిడ దృష్టిలో అది తలుపు బయట నిలబెట్టడం. కష్టంలో పక్కన నిలబడే హక్కు తనకుందనుకుంది, ఆ హక్కు తనకివ్వలేదని తెలిసింది. "బాక్సు కట్టాను" అన్న మాటలో ఉన్నదంతా అదేనని నాకనిపించింది, ఆయనతో అదే అన్నాను.

ఆడవాళ్ళ నోరు నొక్కేది కొంచెం వేరేగా ఉంటుంది. హెచ్‌-4 మీద వచ్చినవాళ్ళలో కొందరికి 2015 మే నుంచి పని చేసుకునే అనుమతి దొరుకుతోంది, భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే లెండి. ఆ దశ దాకా ఏళ్ళు పట్టేవాళ్ళున్నారు. హైదరాబాదులో ఐదేళ్ళు ఉద్యోగం చేసి, తన జీతంతో చెల్లెలి ఫీజు కట్టిన అమ్మాయి ఇక్కడికొచ్చి షాంపూ కొనడానికి కార్డు అడగాలి. అలాంటి అమ్మాయి ఒకసారి మా ఇంట్లో మా ఆవిడతో అన్న మాట: "ఆయన అలిసిపోయి వస్తారక్కా. నాకేం కష్టమని చెప్పుకోను?" సంపాదించని మనిషి బాధకి బరువు తక్కువని ఎవరూ ఆ అమ్మాయికి చెప్పలేదు. తనే తేల్చేసుకుంది. భర్త మంచివాడే. అడిగితే వింటాడు. ఆయన అడగడు, ఈవిడ చెప్పదు.

ఇప్పుడు మా సంగతి. 2019లో మా ఆవిడకి పదకొండో వారంలో గర్భం పోయింది. అప్పటికి ఇండియాలో అమ్మావాళ్ళకి చెప్పి నాలుగు రోజులే అయింది. గర్భం ఉందని తెలిసినవాళ్ళలో వందకి పది నుంచి ఇరవై మందికి ఇలా జరుగుతుందని, మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లేనని, తల్లి చేసినదీ చెయ్యనిదీ ఏమీ ఉండదని డాక్టర్ నిదానంగా చెప్పింది. ఇద్దరం విన్నాం. ఇంటికొచ్చి ఇద్దరం సోమవారం నుంచి పనుల్లో పడ్డాం. నాకప్పుడు డెన్వర్‌లో క్లయింటు. సోమవారం పొద్దున్న విమానం, గురువారం రాత్రి తిరుగు విమానం.

తర్వాత ఏడెనిమిది నెలలు మేం ఒకే మంచం మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి పడుకున్నాం. గొడవ ఏమీ లేదు. ఒకరికొకరం చాలా మర్యాదగా ఉన్నాం. ఎవరైనా భోజనానికి వస్తే చక్కని జంట అనుకునేవాళ్ళు. కౌన్సెలర్ దగ్గర మూడోసారో నాలుగోసారో కూర్చున్నప్పుడు మా ఆవిడ అంది, "నా ఒంట్లోనే లోపముందని ఈయన అనుకుంటున్నారు, అందుకే దగ్గరికి రావడం లేదు" అని. నేను కుర్చీలో బిగుసుకుపోయాను. ఎందుకంటే నా లోపల ఉన్నది అది కానేకాదు. ఆ రోజు ఎమర్జెన్సీ రూములో చూసిన రక్తం నా కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ గర్భం వస్తే మళ్ళీ అలా జరుగుతుందేమో, ఈసారి మనిషే పోతుందేమో అని నాకు భయం. భయం అన్న మాట నేను నోటితో అనడం పెళ్ళయ్యాక అదే మొదలు. అన్నాక ఏం జరిగిందన్నది మా ఆవిడ కొట్టేసిన పేరాల్లో ఉంది.

ఆ కౌన్సెలర్ పద్ధతికి మూలం సూ జాన్సన్ అనే ఆవిడ. కెనడాలో పనిచేసింది, 1980లలో ఈ పద్ధతికి రూపమిచ్చింది, 2024లో పోయింది. చంటిపిల్లకీ తల్లికీ ఉండే బంధం మీద జాన్ బౌల్బీ చెప్పిన విషయాలు పెద్దవాళ్ళ ప్రేమకీ వర్తిస్తాయన్నది ఆవిడ నమ్మకం. పిల్ల ఏడుస్తుంది, తల్లి రాకపోతే ఇంకా గట్టిగా ఏడుస్తుంది, అప్పటికీ రాకపోతే ఊరుకుంటుంది. పెద్దవాళ్ళమూ అంతే. ఒకరు సాధిస్తారు, రెండోవారు ముడుచుకుపోతారు. ముడుచుకున్న కొద్దీ వీళ్ళు ఇంకా సాధిస్తారు, సాధించిన కొద్దీ వాళ్ళు ఇంకా ముడుచుకుంటారు. మన ఇళ్ళల్లో ఎక్కువగా సాధించేది ఆవిడ, లాప్‌టాప్ వెనక దాక్కునేది ఈయన. తారుమారైన ఇళ్ళూ చూశాను. కౌన్సెలర్ చేసిన పనల్లా, ఎవరిది తప్పన్న లెక్క పక్కన పెట్టించి, ఈ గానుగ ఎలా తిరుగుతోందో ఇద్దరికీ చూపించడం. సాధింపు అడుగున "నేను నీకు లెక్కేనా?" అన్న ప్రశ్న ఉంటుంది. మౌనం అడుగున "నేనేం చేసినా నీకు చాలదు" అన్న నిస్పృహ ఉంటుంది. ఈ రెండూ పైకొచ్చిన రోజు గానుగ ఒక చుట్టు ఆగుతుంది.

ఒక పనికొచ్చే చిట్కా కూడా చెప్పింది ఆవిడ. గొడవ ముదిరి గుండె దడదడలాడుతున్నప్పుడు మెదడు వినే స్థితిలో ఉండదు. గాట్మన్ కూడా ఇదే అంటాడు, నాడి వంద దాటాక మాటలు ఎక్కవని. అప్పుడు కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండటం మంచిది. అయితే లేచి వెళ్ళేవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్ళాలి. "అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడదాం" అంటే అది విరామం. ఏమీ అనకుండా తాళాలు తీసుకుని వెళ్తే అవతలివాళ్ళకి అది శిక్ష.

పిల్లలున్నవాళ్ళు ఇప్పుడు పాటలు పెట్టుకోవచ్చు.

పడకగది గురించి మనం మాట్లాడకపోవడం పాత అలవాటేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. దాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చువేస్తే, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. మన బిడియంలో కొంత భాగం ఆ కాలంలో అరువు తెచ్చుకున్నదే.

ఫోన్లలో నేను విన్న ఇబ్బందులు ఇవి. పిల్ల పుట్టి ఏడాదిన్నరయినా ఇద్దరి మధ్య ఏమీ లేదు. అత్తమామలు ఆరు నెలలకి వచ్చారు, గోడలు పల్చన. నాలుగేళ్ళ వాడు ఇంకా మధ్యలోనే పడుకుంటున్నాడు. ఆవిడకి నొప్పి, ఎవరికీ చెప్పదు. ఆయనకి పటుత్వం తగ్గింది, ఆయనా ఎవరికీ చెప్పడు, ఆన్‌లైన్‌లో ఏవో మాత్రలు తెప్పించుకుంటున్నాడు.

వీటిలో సగం ముందు డాక్టర్ దగ్గర తేలాల్సినవి. మనవాళ్ళకి చక్కెర వ్యాధి చిన్నవయసులోనే వస్తోంది, పటుత్వం తగ్గడం దానికీ, గుండె రక్తనాళాల జబ్బుకీ ముందస్తు హెచ్చరిక కావచ్చు. ఆన్‌లైన్ మాత్ర ఆ హెచ్చరికని కప్పేస్తుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కోరికని తగ్గిస్తాయి, డాక్టర్‌కి చెబితే మార్చి చూస్తారు, మనంతట మనం ఆపెయ్యకూడదు. కాన్పు తర్వాత దిగులు చాలామంది తల్లులకి వస్తుంది, అదొక జబ్బు, దానికి వైద్యం ఉంది. కలయికలో నొప్పి ఉంటే భరించాల్సిన పని లేదు. దానికి గైనకాలజిస్టు ఉన్నారు, కటి కండరాలకి ప్రత్యేకంగా ఫిజియోథెరపీ చేసేవాళ్ళూ ఉన్నారు. ఒక్క మాట: చాలాచోట్ల మనవాళ్ళలో భార్య తరఫున డాక్టర్‌తో భర్తే మాట్లాడతాడు. డాక్టర్‌ని కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు ఆవిడకుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగొచ్చు.

మిగతా సగం మనసులోది. కెనడాలోనే రోజ్‌మేరీ బేసన్ అనే డాక్టర్ 2000లో రాసిన పరిశోధనా వ్యాసం ఒకటి మా కౌన్సెలర్ చెప్పింది. కోరిక అందరికీ ఆకలిలా దానంతటది పుట్టదు, చాలామంది ఆడవాళ్ళకి దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక, అవి హాయిగా ఉంటే, అప్పుడు పుడుతుంది అని. ఇది తెలియక ఈయన "నేనంటే ఇష్టం లేదు" అనుకుంటాడు, ఆవిడ "నాలో ఏదో లోపముంది" అనుకుంటుంది. ఎక్కడికో చేరాలన్న ఆత్రం లేకుండా ఊరికే తాకడంతో మొదలుపెట్టమని మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లోనే ఒక పద్ధతి రాశారు. కలయిక ఊసెత్తకుండా కొన్నాళ్ళు చేతులూ వీపూ నిమరడం, అంతే. మా మిత్రుడొకడు విని, "ఇంత దానికి అమెరికన్లు పుస్తకం రాయాలా, మా తాత రోజూ సాయంత్రం మా నానమ్మ కాళ్ళు పట్టేవాడు" అన్నాడు. వాడి తాతగారు ధన్యుడు.

పాటలు ఆపెయ్యొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనసు విప్పమని నేను చెప్పేది అందరికీ వర్తించదు. మీరు చెప్పుకున్న మాటని రేపు మీ మీదికే కత్తిలా తిప్పే మనిషి దగ్గర, కొట్టే మనిషి దగ్గర, పాస్‌పోర్టు దాచేసి "వీసా రద్దు చేయిస్తా" అని బెదిరించే మనిషి దగ్గర విప్పాల్సింది మనసు కాదు. అక్కడ లోకువ అన్న భయం భయమే, నిజమైన భయం. అలాంటిచోట దంపతుల కౌన్సెలింగ్ కూడా సాధారణంగా మంచిది కాదంటారు, అక్కడ చెప్పిన నిజానికి ఇంటికెళ్ళాక దెబ్బలు పడొచ్చు. దేశమంతటా గృహహింస సహాయానికి 1-800-799-7233 అనే నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. మన ప్రాంతం ఆడవాళ్ళ కోసం న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, న్యూయార్క్‌లో 1989లో మొదలైన సఖి, హ్యూస్టన్‌లో దయా ఉన్నాయి.

అలాంటి భయం లేని ఇళ్ళల్లో ఎక్కడ మొదలుపెట్టాలి? రాత్రి పదకొండుకి మాత్రం వద్దు. "నీతో మాట్లాడాలి" అని గంభీరంగా ఎదురెదురుగా కూర్చోబెట్టడమూ మనవాళ్ళకి సరిపడదు, పెళ్ళిచూపులో పంచాయతీయో గుర్తొస్తుంది. కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడో, నడకకి వెళ్ళినప్పుడో, గిన్నెలు తోముతున్నప్పుడో మాట సులువుగా వస్తుంది. మొహాలు చూసుకోనక్కర్లేదు కదా. ఇరవై ఏళ్ళ బాధ మొదటిరోజే కుమ్మరించనక్కర్లేదు. "ఇవాళ మీటింగులో నన్ను పక్కన పెట్టేశారు, చిన్నతనంగా అనిపించింది" అంటే చాలు. వినేవాళ్ళు చెయ్యాల్సింది ఇంకా తక్కువ. వెంటనే సలహా ఇవ్వకుండా ఉండటం. ఇంజనీర్లకి ఇది కష్టం. బగ్ కనబడితే చెయ్యి ఊరుకోదు.

కొన్ని ఇళ్ళల్లో ఇంకో సంగతి గమనించాను. గదిలో "నువ్వు" అనుకునే జంట, హాల్లో అత్తగారి ముందు "మీరు, ఏమండీ" అని మారిపోతారు. తప్పేమీ కాదు, మర్యాద. కానీ అత్తగారు ఆరు నెలలుంటే, ఆవిడ వెళ్ళిపోయాక కూడా కొందరికి ఆ "నువ్వు" తిరిగి రాదు. తెచ్చుకోండి.

కౌన్సెలర్ల గురించి అందరూ అడిగేవి రెండు: ఎంతవుతుంది, ఎవరికైనా తెలుస్తుందా. దంపతులకి విడిగా లైసెన్సున్న మారేజ్ అండ్ ఫామిలీ థెరపిస్టులుంటారు. ఇద్దరి మధ్య సంబంధం కోసం వెళ్తే చాలా ఇన్సూరెన్సులు డబ్బివ్వవు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం పేరుతో కొన్ని సిట్టింగులు ఉచితం, తరచు భార్యకో భర్తకో కూడా. మన హెచ్ఆర్ పోర్టల్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, ఎవరూ చూడరు. వీడియోలో చెయ్యాలంటే సాధారణంగా ఆ కౌన్సెలర్‌కి మనముంటున్న రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి. ఇక గుట్టు సంగతి. ప్రాణాపాయం, పిల్లల మీద హింస లాంటి చట్టం చెప్పిన సందర్భాల్లో తప్ప వాళ్ళు బయటికి చెప్పకూడదు. తెలుగువాళ్ళైతే గుళ్ళో ఎదురుపడతారని మేం అమెరికన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాం. ఆడపడుచు అంటే ఏమిటో, ఆవిడ మాటకి అంత విలువెందుకో చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటకీ బిల్లు వేసింది.

చివరిగా, ఆడవాళ్ళు మా ఆవిణ్ణి ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా ఆయన చచ్చినా రాడు, ఏం చెయ్యను?" ఒక్కరే వెళ్ళండి. మా ఆవిడ మొదటి రెండుసార్లు ఒక్కతే వెళ్ళింది, నాకు డెన్వర్‌లో రిలీజు ఉండటం వల్ల. మూడోసారికి వెళ్తూ, "నువ్వు రావాలని లేదు, కానీ నీ కుర్చీ ఖాళీగా చూస్తూ మాట్లాడటం కష్టంగా ఉంది" అంది. ఆ గురువారం విమానం ముందుకి జరుపుకున్నాను. మా ఆవిడ చెప్పిన ఈ మాట కావలసినవాళ్ళు వాడుకోవచ్చు, ఆవిడ అనుమతి తీసుకున్నాను.